మీకు తెలుసా? కాయిన్ కంటే ముందు రొయ్య చేరింది

బిట్‌కాయిన్ ఇవాళ ఎంత ఉందో అమలాపురం గడియారస్తంభం సెంటర్లో టీ తాగుతున్న కుర్రాళ్లని అడిగితే ఫోను చూసి ఠక్కున చెప్పేస్తారు. బ్లాక్‌చైన్ సంగతి అడిగితే "అదీ అదేగా అండీ" అంటారు. కాయిన్ వేరు, దాని వెనక ఉన్న లెక్కల పద్ధతి వేరు. కాయిన్ మన జేబులోకి సరిగా రాకముందే ఆ పద్ధతి మన తీరం మీదుగా అమెరికా వెళ్లిపోయింది, రొయ్యనెక్కి.

ఐస్ పెట్టెతో పాటు ఎక్కిన చిట్టా

2019 అక్టోబరులో వాల్‌మార్ట్ ఒక ప్రయోగం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో పెరిగిన రొయ్య అమెరికాలో ఆ సంస్థకే చెందిన సామ్స్ క్లబ్ దుకాణాలకు చేరేదాకా దారంతా బ్లాక్‌చైన్‌లో నమోదు చేయడం దాని ఉద్దేశం. మన రాష్ట్రంలోని ఎగుమతి కంపెనీ సంధ్యా ఆక్వా తనకు సరుకిచ్చే చెరువుల్ని అందులో చేర్చింది. లెక్కలు ఉండేది ఐబీఎం ఫుడ్ ట్రస్ట్ అనే వేదిక మీద. భారతీయ రైతు గట్టు నుంచి విదేశీ దుకాణం దాకా రొయ్య జాడను ఇలా పట్టడం తమకు తెలిసినంతలో ఇదే మొదలని అప్పట్లో చెప్పుకున్నారు.

ఇంత శ్రద్ధ ఊరికే పుట్టలేదు. దిగుమతయ్యే రొయ్య ఎక్కడ పెరిగిందో, ఎప్పుడు పట్టారో రికార్డు చూపాలన్న నిబంధనను అమెరికా 2018 డిసెంబరు 31 నుంచి అమలు చేసింది. దానికి తోడు యాంటీబయాటిక్ అవశేషాల భయం. ఒక్క కంటైనర్ వెనక్కొస్తే ఎగుమతిదారుకు నష్టం, ఆ తర్వాత వారం చెరువు గట్టు మీద రేటు పడిపోవడం రైతుకు నష్టం.

ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన వైపు పట్టుబడి చూసినవాళ్లకు ఈ జాడ ఎక్కడ తెగుతుందో చెప్పక్కర్లేదు. తెల్లవారకముందే వల దింపుతారు. ఏజెంటు మనిషి ఓ కిలో తూచి లెక్కపెడతాడు, యాభై వస్తే యాభై కౌంటు. నాలుగు రొయ్యలు ఎక్కువొస్తే రేటు మారిపోతుంది కాబట్టి అక్కడ కాసేపు గొడవ తప్పదు. తర్వాత ఐసు, ప్లాస్టిక్ క్రేట్లు, లారీ. ఆ లారీ మన చెరువు దగ్గరే నిండదు, ఇంకో మూడు నాలుగు చెరువుల దగ్గర ఆగుతుంది. పదెకరాల ఆసామి సరుకూ, ఎకరన్నర కౌలు రైతు సరుకూ ఒకే లారీలో కలిసిపోయాక ఏ రొయ్య ఎవరిదో గోదావరి తల్లికి కూడా తెలీదు. అందుకే ఇలాంటి ప్రయోగాలు ముందు కంపెనీ సొంత చెరువులకూ, నేరుగా ఒప్పందం ఉన్న పెద్ద చెరువులకూ వెళ్తాయి. ఏజెంటు ద్వారా అమ్ముకునే చిన్నవాడి వంతు ఆఖరున వస్తుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. "ఈ పంటకు ఫలానా మందు వాడలేదు" అని గట్టు మీద ఎవరో ఫోనులో కొడతారు. ఆ మాట నిజమైతే పదిలంగా ఉంటుంది. అబద్ధమైనా అంతే పదిలంగా ఉంటుంది. ఎక్కిన మాట చెరిగిపోకుండా చూడటం వరకే బ్లాక్‌చైన్ పని, ఎక్కించిన మాట నిజమో కాదో తేల్చడానికి ల్యాబు ఉండాలి, చెరువు దాకా వచ్చే మనిషి ఉండాలి. ఈ మెలిక గుర్తుంచుకోండి, కింద ప్రతి సంగతిలోనూ మళ్లీ తగులుతుంది.

ఇందులో నాకు కొరుకుడు పడనిది ఒకటుంది. రొయ్య ఏ చెరువుదో కొనేవాడు తెలుసుకోవడానికి ఇంత ఏర్పాటు జరిగింది. అదే రొయ్య అక్కడ ఎంతకు అమ్ముడుపోయిందో చెరువు రైతు తెలుసుకోవడానికి మాత్రం పొద్దున్నే ఏజెంటు పెట్టే వాట్సాప్ మెసేజే దిక్కు. జాడ తీసే దారి రెండు వైపులా నడవగలిగినదే. నడిపించే అవసరం అవతలివాళ్లకు లేదు.

అన్నట్టు, మనకు గట్టి పోటీదారైన ఈక్వడార్ రొయ్యల సంఘం కూడా అదే 2019లో, మనకంటే కొన్ని నెలల ముందే, ఇదే ఐబీఎం వేదికలో చేరింది.

ఇంతకీ బ్లాక్‌చైన్ అంటే?

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. అంతకుముందు ఊళ్లో ఎవరి పొలం ఎంత, ఎవరి పేరున ఉంది అన్న లెక్క కరణం గారి పెట్టెలోని పద్దు పుస్తకంలో ఉండేది. ఒకే పుస్తకం, ఒకే చెయ్యి. ఆయన మంచివాడైతే ఊరు బతికేది.

ఇప్పుడు ఆ పుస్తకానికి వెయ్యి నకళ్లు తీసి ఊళ్లో వెయ్యి ఇళ్లలో పెట్టారనుకోండి. ఎవరు ఒక పంక్తి రాసినా మిగతా ఇళ్లవాళ్లు చూసి సరేనంటేనే అది ఎక్కుతుంది. ప్రతి కొత్త పేజీ తలమీద దాని ముందు పేజీ అంకెల నుంచి తీసిన ఒక గుర్తు వేస్తారు. పదేళ్ల కిందటి పేజీలో ఎకరాన్ని రెండెకరాలుగా దిద్దారో, ఆ గుర్తు తప్పుతుంది, దాని తర్వాతి పేజీల గుర్తులన్నీ వరసగా తప్పుతాయి, దొంగ దొరికిపోతాడు. బ్లాక్‌చైన్ ఇంతే. 2009 జనవరి 3న మొదటి పేజీ పడ్డ బిట్‌కాయిన్ పుస్తకానికి ఇప్పటికీ సగటున పది నిమిషాలకో పేజీ చేరుతోంది.

అయితే ప్రభుత్వాలూ కంపెనీలూ నడిపే బ్లాక్‌చైన్లలో నకళ్లు వెయ్యి ఇళ్లలో ఉండవు. వాళ్లు ఎంచుకున్న నలుగురైదుగురి దగ్గర ఉంటాయి. అంటే ఒక్క కరణం బదులు నలుగురు కరణాలన్నమాట. మెరుగే, కానీ ప్రచారంలో చెప్పినంత మెరుగు కాదు.

మామిడి ముక్కకు రెండు సెకన్లు

రొయ్య కంటే ముందు వాల్‌మార్ట్ ఈ పద్ధతిని మామిడి పండు మీద పరీక్షించింది. దుకాణంలోని మామిడి ముక్కల డబ్బా ఏ తోట నుంచి వచ్చిందో పాత పద్ధతిలో కనుక్కోవడానికి దాదాపు ఏడు రోజులు పట్టింది. బ్లాక్‌చైన్‌లో ఎక్కించాక 2.2 సెకన్లు. మన రావులపాలెం అరటి మార్కెట్‌లో గెల ఎవరి తోటదో రెండు సెకన్లలో చెప్పే దళారులున్నారు గానీ, వాళ్ల మాట అమెరికాలో చెల్లదు.

గొలుసులో భూమి, గోదాట్లో భూమి

భూమి రికార్డుల్ని బ్లాక్‌చైన్‌లో పెట్టాలన్న ఆలోచన దేశంలో ముందుగా చేసిన రాష్ట్రాల్లో మనది ఒకటి. 2017లో విశాఖలో బ్లాక్‌చైన్ మీద పెద్ద సదస్సు జరిగింది. అమరావతి రాజధాని ప్రాంత భూముల రికార్డుల కోసం హైదరాబాద్ కంపెనీ జెబీతో పని మొదలైంది. ఆ ఏడాది అక్టోబరులోనే స్వీడన్ కంపెనీ క్రోమావే కూడా మన రాష్ట్రంతో భూ రిజిస్ట్రేషన్ ప్రయోగం ప్రకటించింది. వాహనాల రిజిస్ట్రేషన్ మరో ప్రయోగం. అప్పట్లో కాయిన్ల ఊపు ఎలా ఉండేదంటే, జెబీ తన పేరున ఒక కాయిన్ కూడా అమ్మకానికి పెట్టింది. రెండేళ్లలో ప్రభుత్వం మారింది, అమరావతి పనులే ఆగిపోయాయి.

ఇదే దారిలో ఇంకో రెండు దేశాల కథలు వినండి. హోండురాస్‌లో 2015లో ఒక అమెరికన్ కంపెనీతో కలిసి భూపట్టాల్ని బ్లాక్‌చైన్‌లో పెడతామన్నారు, ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. జార్జియా దేశం 2016లో మొదలుపెట్టి నిలబెట్టుకుంది. జార్జియాలో రిజిస్ట్రేషన్ల వ్యవస్థను అంతకు ఎన్నో ఏళ్ల ముందే శుభ్రం చేసి కంప్యూటర్లలోకి ఎక్కించారు. బ్లాక్‌చైన్ దాని పైన వేసిన తాళం మాత్రమే. హోండురాస్‌లో తాళం వేయడానికి తలుపే సరిగా లేదు.

మన తలుపు సంగతి? మీభూమి పోర్టల్ 2015 నుంచి ఉంది, అడంగల్, 1బి ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. అయినా 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్లు కాలిపోతే రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. కంప్యూటర్‌లో ఉన్నది చివరి ఫలితం, దాని వెనక కథంతా ఇంకా కాగితాల్లోనే ఉందని ఆ రాత్రి అందరికీ తెలిసొచ్చింది. నకళ్లు నాలుగు చోట్ల ఉండాలన్న బ్లాక్‌చైన్ వాదానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

దానికి ఎదురు సాక్ష్యం కూడా మన దగ్గరే ఉంది. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకొచ్చిన ల్యాండ్ టైటిలింగ్ చట్టం రిజిస్టర్‌లో పేరున్నవాడే హక్కుదారు అంది, వివాదాలు సివిల్ కోర్టుకు పోకుండా వేరే దారి పెట్టింది. జనం బెంబేలెత్తారు, 2024 ఎన్నికల్లో అదొక పెద్ద విషయమైంది, కొత్త ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. తప్పు పేరు పడితే దిద్దించుకునే దారి ఎక్కడ అన్నదే ఆ భయం. చెరగని రాతను మెచ్చుకునేవాళ్లు తప్పుడు రాత పడ్డవాడి వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి.

ఇక కోనసీమకు సొంతమైన చిక్కు ఇంకోటి, లంక భూములు. పి.గన్నవరం దగ్గర ఊడిమూడిలంక, బూరుగులంక లాంటి ఊళ్లకు వరదొస్తే పడవే దారి. ఆ వరద వెళ్తూ వెళ్తూ ఒక గట్టున నేలను కోసుకుపోతుంది, ఇంకో చోట మేట వేస్తుంది. కాగితం మీద ఫలానా సర్వే నంబరులో రైతుకు అరవై సెంట్లు అలాగే ఉంటాయి. వెళ్లి చూస్తే నలభై సెంట్లు నది లోపల. అవతల మేట వేసిన కొత్త నేల ఎవరిదన్న తగువు వేరే. ఆ అరవై సెంట్ల లెక్కను ఎంత గట్టి గొలుసుతో కట్టినా గోదావరి దాన్ని ఖాతరు చేయదు. లంక రైతుకు కావలసింది ప్రతి వరద తర్వాత గొలుసు పట్టుకుని వచ్చే సర్వేయరు. ఈ గొలుసు మామూలు ఇనప గొలుసే లెండి, కాదంటే ఇప్పటి జీపీఎస్ రోవర్.

కాఫీ, మిరప

అరకు కాఫీకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన 2019 మార్చిలోనే కాఫీ బోర్డు రైతులకూ కొనుగోలుదారులకూ మధ్య బ్లాక్‌చైన్ మార్కెట్ యాప్‌ను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. 2021లో సుగంధ ద్రవ్యాల బోర్డు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ భారత విభాగం కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని ఎంపిక చేసిన జిల్లాల్లో 3,000 మందికి పైగా మిరప, పసుపు రైతులతో ఇలాంటి ప్రయోగానికే ఒప్పందం చేసుకున్నాయి. మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ వచ్చింది. హైవే పక్కన అమ్మే ప్రతి పెట్టె మీదా "ఆత్రేయపురం" అని ఉంటుంది గనక, జాడ తీయాల్సిన సరుకేదైనా ఉందంటే ముందు అదే.

కువైట్‌లో కాయిన్ నేరం

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు మండలాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి అరుదు. ఇంటి పనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లే ఎన్నో కుటుంబాలకు ఆధారం. క్రిప్టో గొప్పలు చెప్పేవాళ్లు ముందుగా చూపించే ఉపయోగం కూడా ఇదే: విదేశం నుంచి ఇంటికి పంపే డబ్బు మీద కమీషన్ తగ్గుతుందని. ఆ మాటలో కొంత నిజం ఉంది. 200 డాలర్లు పంపితే ప్రపంచ సగటున ఆరు శాతానికి పైగా ఖర్చవుతోంది, దాన్ని 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. 2024లో భారతీయులు స్వదేశానికి పంపింది సుమారు 12,900 కోట్ల డాలర్లు, ప్రపంచంలో అందరికంటే ఎక్కువ.

మరి కువైట్ నుంచి కాయిన్‌లో పంపొచ్చా? కుదరదు. 2023 జూలైలో కువైట్ క్రిప్టో చెల్లింపుల్నీ, పెట్టుబడినీ, కంప్యూటర్లతో కొత్త కాయిన్లు పుట్టించే మైనింగ్‌నీ పూర్తిగా నిషేధించింది. 2025 వసంతంలో వఫ్రా ప్రాంతంలో మైనింగ్ చేస్తున్న ఇళ్ల మీద దాడులు జరిగాక అక్కడి కరెంటు వాడకం 55 శాతం తగ్గిందని ఆ దేశ అధికారులే చెప్పారు. తోటల్లో పని చేసి వచ్చిన మనవాళ్లకు వఫ్రా పేరు కొత్త కాదు. ఖతార్ కూడా క్రిప్టోను రానివ్వదు. బహ్రెయిన్ మాత్రం 2019లోనే నియమాలు పెట్టి అనుమతించింది, దుబాయ్ 2022లో దీనికోసమే ఒక నియంత్రణ సంస్థను పెట్టింది. ఒకే వీధి నుంచి కువైట్ వెళ్లిన అక్కకు నేరమైనది బహ్రెయిన్ వెళ్లిన చెల్లెలికి కాదు. ఏజెంటు చెప్పే మాట నమ్మేముందు ఈ తేడా తెలియడం మంచిది.

అనుమతి ఉన్న చోటైనా వాడారా? ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబరు 7న బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ చలామణిలోకి తెచ్చింది, ప్రపంచంలో మొదటి దేశం అదే. ఆ దేశం బతికేదే అమెరికా నుంచి వచ్చే వలస డబ్బు మీద. ప్రభుత్వం సొంత యాప్ ఇచ్చింది, దించుకున్నవాళ్లకు 30 డాలర్ల బిట్‌కాయిన్ ఉచితం అంది. జనం ఆ ముప్పై డాలర్లూ తీసుకుని ఖర్చు పెట్టుకున్నారు. ఆ తర్వాత వలస డబ్బులో కాయిన్ రూపంలో వచ్చింది రెండు శాతం లోపే. 2025 జనవరిలో, 140 కోట్ల డాలర్ల ఐఎంఎఫ్ రుణం షరతుల్లో భాగంగా, వ్యాపారులు తప్పనిసరిగా తీసుకోవాలన్న నిబంధన ఎత్తేశారు.

అక్కడి అమ్మమ్మకూ మన మలికిపురం అమ్మమ్మకూ కావలసింది ఒకటే: వచ్చింది ఎంతో తెలియాలి, రేపటికి అది తగ్గకూడదు, కిరాణా కొట్టులో చెల్లాలి. మన వైపు ఆ పని యూపీఐ చేస్తోంది. సింగపూర్ పేనౌతో యూపీఐ 2023 ఫిబ్రవరిలో కలిసింది. అదే ఏడాది జూలైలో యూఏఈ కేంద్ర బ్యాంకుతో మన రిజర్వ్ బ్యాంకు ఇలాంటి అనుసంధానానికే ఒప్పందం రాసుకుంది. గల్ఫ్ డబ్బు చౌకగా రావాలంటే నేను కాయిన్ మీద కంటే దీని మీదే ఆశ పెట్టుకుంటాను.

సిగ్నల్ పోతే

2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో జరిగిన ఆందోళన హింసగా మారింది, మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి. మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. అది రోజుల తరబడి రాలేదు. ఇంటి నుంచి పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని సిగ్నల్ వెతుక్కుంటూ జిల్లా పొలిమేరలు దాటారు. ఫోన్‌పే లేదు, గూగుల్ పే లేదు, జేబులో నోటుంటేనే కూరగాయలు.

బిట్‌కాయిన్‌ను ఏ ప్రభుత్వమూ ఆపలేదని దాని భక్తులు అంటుంటారు. ఆ పుస్తకాన్ని ఆపలేకపోవచ్చు. ఆ పుస్తకం దాకా వెళ్లే దారిని ప్రభుత్వ యంత్రాంగం ఒక్క ఉత్తర్వుతో ఆపగలదని మన జిల్లాలోనే తేలింది. చిత్రం ఏమిటంటే, ఇంటర్నెట్ లేకుండా బటన్ ఫోన్ నుంచి కాల్ చేసి డబ్బు పంపే యూపీఐ 123పే ఆ గొడవకు రెండున్నర నెలల ముందే, 2022 మార్చి 8న మొదలైంది. తానే విడుదల చేసే డిజిటల్ రూపాయిని నెట్ లేని చోట కూడా పనిచేసేలా చేస్తామని రిజర్వ్ బ్యాంకు 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది.

చీటీ పాటలో గొలుసు

తెలంగాణలో రిజిస్టరైన చిట్‌ఫండ్ల కోసం "టీ-చిట్స్" అనే బ్లాక్‌చైన్ వ్యవస్థ నడుస్తోంది. హైదరాబాద్ కంపెనీ చిట్‌మంక్స్ అక్కడి రిజిస్ట్రేషన్ల శాఖ కోసం దాన్ని తయారు చేసింది. బ్లాక్‌చైన్‌ను మన ఇళ్లకు దగ్గరగా తెచ్చిన పని ఏదైనా ఉంటే అది ఇదేనని నా లెక్క. ఎందుకంటే చీటీ లేని తెలుగు ఊరు లేదు.

ఒక చీటీ చూద్దాం. పాతికమంది, నెలకు 20 వేలు, చీటీ 5 లక్షలు. కూతురి పెళ్లి ముంచుకొచ్చినాయన 1,25,000 తగ్గించి పాడతాడు, చేతికి 3,75,000 వస్తుంది. నిర్వాహకుడి కమీషన్ 5 శాతం అనుకుంటే 25 వేలు. మిగిలిన లక్ష పాతికమందికీ పంచితే తలా 4 వేలు, కాబట్టి ఆ నెల కట్టాల్సింది 16 వేలే. ఇంతవరకూ బాగుంది. మోసం ఎక్కడ జరుగుతుందంటే, పాతికమందిలో నలుగురు అసలు ఉండరు. నిర్వాహకుడే బావమరిది పేరున, చచ్చిపోయిన మేనత్త పేరున టికెట్లు రాసుకుని మొదటి నెలల్లోనే పాడేసుకుంటాడు. పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది, అడిగేవాడు లేడు. ప్రతి పాటా, ప్రతి పేరూ, ఎవరికి ఎంత ఇచ్చారన్నదీ రిజిస్ట్రార్‌కూ సభ్యులకూ కనిపించే చోట చెరగకుండా పడితే ఆ ఆట సాగదు. ఇక్కడ గొలుసు నిజంగా పనికొస్తుంది.

ఎత్తుకున్నవాడు ఆర్నెల్ల తర్వాత కట్టడం మానేస్తే? అప్పుడు ఎప్పటిలాగే జామీనుదారు ఇంటి చుట్టూ తిరగాలి. పైగా ఈ వ్యవస్థంతా రిజిస్టరైన చీటీలకే. కొత్తపేటలో టైలరింగ్ షాపులో నడిచే ఇరవైమంది ఆడవాళ్ల చీటీ ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. అది నడిచేది పాటకు ముందు అందరూ కలిసి కూర్చుంటారు గనక, ఎగ్గొడితే రేపు ఆ వీధిలో తలెత్తుకోలేరు గనక.

మనమే నంబర్ వన్, అయినా...

క్రిప్టో వాడకంలో ఏ దేశం ముందుందో ఏటా లెక్కగట్టే చైనాలిసిస్ సంస్థ సూచీలో 2023, 2024, 2025 మూడేళ్లూ భారతదేశమే మొదటి స్థానం. 2025లో పాకిస్తాన్, వియత్నాం, బ్రెజిల్ కూడా మొదటి అయిదింటిలో ఉన్నాయి. విని పొంగిపోయే ముందు ఒక మాట. జనం కొనుగోలు శక్తిని కూడా కలిపి వేసే లెక్క అది. ఎక్కువ డబ్బు మన దగ్గర తిరుగుతోందని దానికి అర్థం కాదు, చిన్న చిన్న మొత్తాలతో ఎక్కువమంది దిగారని అర్థం.

ఆ దిగినవాళ్లలో పన్ను సంగతి తెలిసినవాళ్లు తక్కువ. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు క్రిప్టో వ్యాపారులతో బ్యాంకులు లావాదేవీలు పెట్టుకోకూడదంది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, ఆ జూలై 1 నుంచి అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ వచ్చాయి. అసలు దెబ్బ వేరే ఉంది. మీరు ఒక కాయిన్‌లో లక్ష పోగొట్టుకుని, ఇంకో కాయిన్‌లో లక్ష సంపాదించారనుకోండి. మీ లెక్కలో చేతికొచ్చింది సున్నా. ఆదాయపు పన్ను లెక్కలో మీకు లక్ష లాభం, నష్టాన్ని దానిలోంచి తీసేయడానికి వీల్లేదు. సెస్సుతో కలిపి 31,200 కట్టాలి. రొయ్యల చెరువులో ఒక పంట పోయి ఇంకో పంట నిలబడితే ఇలా లెక్కేసేవాడు ఎవడైనా ఉంటే గట్టు దిగి వెళ్లగలడా?

పన్నుకు భయపడి చాలామంది విదేశీ ఎక్స్‌ఛేంజీలకు మళ్లారు. 2023 డిసెంబరులో కేంద్రం తొమ్మిది విదేశీ ఎక్స్‌ఛేంజీలకు నోటీసులిచ్చి, ఆ తర్వాత వాటి వెబ్‌సైట్లు ఆపించింది. వాటిలో అతి పెద్దదైన బైనాన్స్ ఇక్కడ నమోదు చేసుకుని, 2024 జూన్‌లో 18.82 కోట్ల జరిమానా వేయించుకుంది.

మరికొన్ని ముక్కలు

నైజీరియా 2021 అక్టోబరులో తన కరెన్సీకి డిజిటల్ రూపంగా ఇ-నైరా తెచ్చింది. తెరిచిన వాలెట్లలో 98.5 శాతం ఒక వారంలో ఒక్కసారి కూడా వాడటం లేదని 2023లో ఐఎంఎఫ్ పత్రం తేల్చింది. అదే నైజీరియాలో ప్రైవేటు క్రిప్టో మాత్రం విపరీతంగా నడుస్తోంది, సొంత కరెన్సీ విలువ పడిపోతుంటే జనం డాలరుకు కట్టిన కాయిన్లను పట్టుకుంటున్నారు. వెనెజులా తన చమురు చూపించి 2018లో పెట్రో అనే కాయిన్ దించింది, 2024 జనవరిలో మూసేసింది.

నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు బిట్‌కాయిన్‌లోనే తిరిగిస్తామని "గెయిన్‌బిట్‌కాయిన్" దేశమంతా వసూలు చేసింది, 2018లో నిర్వాహకులు అరెస్టయ్యారు. అగ్రిగోల్డ్ డిపాజిట్ల మోసాన్ని చూసిన రాష్ట్రంలో నెలకు పది శాతం అనగానే చెవులు మూసుకోవాలి. మూసుకోనివాళ్లు ఇంకా దొరుకుతూనే ఉన్నారు, ఇప్పుడు టెలిగ్రామ్ గ్రూపుల్లో.

చివరగా వజీర్‌ఎక్స్. దేశంలోని పెద్ద క్రిప్టో ఎక్స్‌ఛేంజీల్లో ఒకటి. 2024 జూలై 18న దాని వాలెట్ నుంచి సుమారు 2,000 కోట్ల రూపాయల విలువైన కాయిన్లు దోచుకుపోయారు. ఉత్తర కొరియా హ్యాకర్ల పనేనని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ప్రభుత్వాలు తర్వాత కలిసి ప్రకటించాయి. బ్లాక్‌చైన్ ఇక్కడ తన పని తాను చక్కగా చేసింది: దొంగిలించిన కాయిన్లు మొదట ఏ వాలెట్‌లోకి వెళ్లాయో అందరికీ కనిపించింది, వెనక్కి తేవడం మాత్రం ఎవరివల్లా కాలేదు. కంపెనీ తాలూకు మాతృసంస్థ సింగపూర్‌లో ఉండటంతో పునర్వ్యవస్థీకరణ కేసు సింగపూర్ హైకోర్టులో నడిచింది, ఎక్స్‌ఛేంజీ మళ్లీ తెరుచుకునేసరికి 2025 అక్టోబరు వచ్చింది. కొత్తపేటలో కూర్చుని ఐదు వేలు పెట్టిన కుర్రాడికి అమలాపురం కోర్టు బస్సు దూరంలోనే ఉంది గానీ, అతని డబ్బు సంగతి తేలింది అక్కడ కాదు.